విదేశాల్లో అద్దె కారు తీసుకుంటే టోల్ ఎలా కట్టాలి? మాకు తెలిసిన దారులు, వాటిలో మేలైనవి

కిందటేడు కార్తీక సోమవారం నాడు శ్రీముఖలింగం బయల్దేరాం. శ్రీకాకుళం దాటాక మడపాం టోల్‌గేటు దగ్గర కారు ఆగీ ఆగకుండానే ఫాస్టాగ్ చదివేసింది, కర్ర లేచింది. ఏ గేటు, ఎంత కట్ అయింది అన్నది వెంటనే మెసేజ్ వచ్చేసింది. నరసన్నపేటలో టీ కోసం ఆగినప్పుడు మా ఆయన ఫోన్‌కి ఇంకో మెసేజ్ వచ్చింది. ఈసారి డాలర్లలో. మేం అమెరికా నుంచి వచ్చేసి నెల దాటింది. అక్కడ తీసుకున్న అద్దె కారు ఎప్పుడో అప్పగించేశాం, లెక్క కూడా తేలిపోయిందనుకున్నాం. మరి ఈ డబ్బు దేనికి?

మా అబ్బాయికి ఫోన్ చేస్తే, ఆ అద్దెకార్ల సంస్థ నుంచి బిల్లు తెప్పించి వాట్సాప్‌లో పంపాడు. ఇంట్లో పద్దులు రాసేది నేనే కాబట్టి ఆ రాత్రి కూర్చుని వరుసవరుసా చూశాను. మేం టోల్ రోడ్డు ఎక్కింది రెండు రోజులు. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. టోల్ వరుసలు రెండే ఉన్నాయి. వాటి కింద 'సౌకర్య రుసుము' అని ఇంకో నాలుగు వరుసలు, రోజుకి దాదాపు 10 డాలర్ల చొప్పున. కారు మా దగ్గర ఉన్నది నాలుగు రోజులు. మధ్య రెండు రోజులూ అది హోటల్ దగ్గరా, గుడి దగ్గరా తిరిగిందే తప్ప టోల్ రోడ్డు ముఖం చూడలేదు. అయినా ఆ రెండు రోజులకీ ఫీజు పడింది.

మా అబ్బాయి వాళ్ళకి రాసి చూశాడు. కారు తీసుకునేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలో ఆ షరతు ఉందన్నారు. నిజంగానే ఉంది, ఆవగింజంత అక్షరాల్లో. పక్కన మా ఆయన పొడి అక్షరాలు కూడా ఉన్నాయి.

మా శ్రీకాకుళం చుట్టుపక్కల జిల్లాల నుంచి పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. నలుగురూ కలిసి తిరగాలంటే పిల్లల చిన్న కారు సరిపోదు, ఏడు సీట్ల కారు అద్దెకి తీస్తారు. "అద్దె నేను కడతానురా" అని తండ్రి తన కార్డు ఇస్తాడు. మా ఇంట్లో జరిగింది అదే. వాళ్ళెవరూ మాలా చిక్కుకోకూడదని, ఆ తర్వాత నేను అడిగి, చదివి, బంధువుల చేత చూయించి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. నా లెక్కలో టోల్ ఎప్పుడూ పెద్ద సమస్య కాదు. దాని వెనక తోకలా వచ్చే ఫీజే సమస్య. ఆ ఫీజు పడుతుందా లేదా అన్నది రోడ్డు మీద కాదు, కారు తాళం చేతికి తీసుకునే ముందు కౌంటర్ దగ్గరే తేలిపోతుంది.

మనకి ఎందుకు అర్థం కాదంటే

మన దగ్గర టోల్ అంటే గేటు. శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్తుంటే నాతవలస దగ్గర గేటు కనిపిస్తుంది, లైను ఉంటుంది, మనిషి ఉంటాడు. ఫాస్టాగ్‌లో డబ్బుల్లేకపోతే అక్కడే గొడవ పడి, ఎక్కువైనా సరే అక్కడే కట్టి బయటపడతాం. అప్పు మిగలదు.

మేం న్యూజెర్సీ నుంచి పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. 1970ల్లో కట్టిన గుడి. తెలుగువాళ్ళు ఒక్కసారైనా చూడాలనుకుంటారు. దారిలో పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కాం. 2020 జూన్ నుంచి ఆ రోడ్డు మీద నగదు తీసుకోవడం లేదు. మేం ఎక్కిన చోట పాత బూత్‌లు అలాగే ఉన్నాయి. లోపల మనుషులు లేరు, అద్దాలు మూసి ఉన్నాయి. మావాడు ఆపకుండా వాటి మధ్యనుంచి పోనిచ్చాడు.

"ఒరేయ్, డబ్బులు కట్టలేదు కదరా!" అన్నాను.

"ఇక్కడ కట్టడాలుండవమ్మా. కెమెరా నంబర్ ప్లేటు ఫొటో తీస్తుంది, బిల్లు తర్వాత వస్తుంది."

"ఎవరికి వస్తుంది?"

మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ట్యాగ్ మన కారులోనే ఉండిపోయిందమ్మా" అన్నాడు.

ఆ ట్యాగ్ పేరు ఈజీ-పాస్. వాడి సొంత కారు అద్దానికి అంటించి ఉండే తెల్ల డబ్బా. అది ఇంటి దగ్గర గ్యారేజీలో ఉంది, మేం అద్దె కారులో ఉన్నాం. బిల్లు కారు యజమానికి, అంటే అద్దెకార్ల సంస్థకి వెళ్ళింది. వాళ్ళు కట్టేసి, దాని మీద తమ ఫీజు వేసి, మా ఆయన కార్డులోంచి లాగారు. పైగా ఆ రోడ్డు మీద ట్యాగ్ ఉన్నవాళ్ళకి టోల్ దాదాపు సగమే. ఆ తెల్ల డబ్బా చేతిసంచిలో వేసుకుని వెళ్ళి ఉంటే టోలూ తగ్గేది, నాలుగు రోజుల ఫీజూ ఉండేది కాదు.

అమెరికాలో పిల్లలుంటే

పిల్లలు అక్కడే ఉన్నవాళ్ళు ముందు చూడాల్సింది వాళ్ళ ట్యాగే. తూర్పు రాష్ట్రాల్లో ఈజీ-పాస్ చాలాచోట్ల ఒక్కటే పనిచేస్తుంది. న్యూజెర్సీలో తీసుకున్నది న్యూయార్క్‌లో, పెన్సిల్వేనియాలో, ఇల్లినాయిస్‌లో కూడా చెల్లుతుంది. అద్దె కారులో పెట్టుకోవచ్చు. కాకపోతే ఖాతాలోకి వెళ్ళి అద్దె కారు నంబరు, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా అన్నది చేర్చాలి. కారు అప్పగించిన రోజే ఆ నంబరు తీసేయాలి. లేకపోతే తర్వాత ఆ కారు తీసుకున్నవాళ్ళ టోల్ కూడా మీ ఖాతాలో పడే ప్రమాదం ఉంది.

చాలా అద్దె కార్లలో అద్దం పైభాగాన, వెనక చూసే అద్దం పక్కన, ఇంకో చిన్న డబ్బా అంటించి ఉంటుంది. దానికి జరిపే మూత ఉంటుంది. మూత తెరిస్తే సంస్థవాళ్ళ ట్యాగ్ పని మొదలుపెడుతుంది, రోజు ఫీజు కూడా అప్పుడే మొదలవుతుంది. సొంత ట్యాగ్ పెట్టుకున్నప్పుడు ఆ మూత మూసి ఉందో లేదో కారు ఎక్కగానే చూడండి. ముందు తీసుకున్నవాళ్ళు తెరిచి వదిలేసి ఉండొచ్చు. పిల్లలు దానితో ఆడుకోకుండా కూడా చూడాలి.

పిల్లల ట్యాగ్ లేనప్పుడు సంస్థ ఇచ్చే పాస్ తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. నేను దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. ఊరు కొత్త, దారిలో టోల్‌లు ఎన్నో తెలియవు, రోజూ రెండు మూడు తగులుతాయి అన్నప్పుడు అదే ప్రశాంతం. అయితే సంస్థని బట్టి లెక్క మారిపోతుంది. కొందరు టోల్ తగిలిన రోజుకే ఫీజు వేస్తారు. కొందరు ఒక్క టోల్ తగిలితే చాలు, కారు మీ దగ్గరున్న రోజులన్నిటికీ వేస్తారు. మాకు జరిగింది రెండోది. కొందరి దగ్గర రోజుకింత అని ముందే కట్టేస్తే ఎన్ని టోల్‌లైనా తిరగొచ్చు.

ఒక లెక్క చూడండి. రోజు ఫీజు 10 డాలర్లు అనుకుందాం. వారం రోజులకి కారు తీశారు, టోల్ తగిలింది ఒకే రోజు, ఆ టోల్ 2 డాలర్లు. మొదటి రకం సంస్థ దగ్గర మీకయ్యేది 12 డాలర్లు. రెండో రకం దగ్గర 72. రోడ్డూ అదే, టోలూ అదే. అందుకే కౌంటర్ దగ్గర నిలబడి అడగండి: ఈ కారుకి టోల్ పాస్ ఉందా, ఫీజు వాడిన రోజుకేనా లేక అన్ని రోజులకా, మొత్తం మీద ఇంతకి మించదు అన్న హద్దు ఏమైనా ఉందా, పాస్ వద్దంటే టోల్ తగిలినప్పుడు ఏం చేస్తారు. వెనక లైను ఉందని మొహమాటపడకండి. మా ఆయన మొహమాటపడే ఆ పొడి అక్షరాలు పెట్టారు.

ఈ ఫీజుల మీద అక్కడివాళ్ళకీ కోపం ఉంది. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం తరఫు న్యాయవాది ఒక పెద్ద అద్దెకార్ల సంస్థ మీద ఇదే విషయంలో కోర్టుకి వెళ్ళారు. గోల్డెన్ గేట్ వంతెన దాటిన పర్యాటకులకి తెలియకుండా ఫీజులు పడుతున్నాయన్నది ఫిర్యాదు. 2013 మార్చి నుంచి ఆ వంతెన మీద డబ్బు తీసుకునే మనిషి లేడు. చూడటానికి వెళ్ళిన ప్రతివాళ్ళూ దాటుతారు, ఎక్కడ కట్టాలో చాలామందికి తెలియదు.

ఆ వంతెనకే మంచి ఉపాయం కూడా ఉంది. దాటడానికి 30 రోజుల ముందు నుంచి, దాటిన తర్వాత 48 గంటల్లోపు ఆన్‌లైన్‌లో కారు నంబరు కొట్టి ఆ ఒక్క టోల్ మనమే కట్టేయొచ్చు. పైగా టోల్ ఊళ్ళోకి వచ్చే వైపే. ఉత్తరానికి వెళ్ళేటప్పుడు ఏమీ లేదు. మా చెల్లెలి కూతురు వాళ్ళ అత్తమామల్ని అక్కడికి తీసుకెళ్ళినప్పుడు ఇలాగే ముందురోజు రాత్రి ఇంట్లో కూర్చుని కట్టేసింది. ట్రిప్పు మొత్తానికి తగిలేది ఒకటో రెండో టోల్‌లైతే నా ఓటు దీనికే.

ఇలా సొంతంగా కట్టేటప్పుడు రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. ఒకటి నంబర్ ప్లేటు. న్యూజెర్సీలో తీసుకున్న కారుకి ఫ్లోరిడా ప్లేటు ఉండొచ్చు. ఫారంలో రాష్ట్రం తప్పు పెడితే కట్టిన డబ్బు ఎవరికీ చెందకుండా పోతుంది, బిల్లు మళ్ళీ వస్తుంది. సున్నాకీ 'ఓ' అక్షరానికీ కూడా తేడా చూసుకోవాలి. తాళం తీసుకోగానే ప్లేటు ఫొటో తీసి పెట్టుకోండి. రెండోది, కొన్ని సంస్థలు తమ కార్ల నంబర్లన్నీ ముందే టోల్ సంస్థల దగ్గర నమోదు చేసి ఉంచుతాయి. అప్పుడు మీరు కట్టినా అటు కూడా కట్ అయ్యే అవకాశం ఉంది. ఈ సంగతి కూడా కౌంటర్ దగ్గరే అడిగేయాలి.

మనవల్ని తీసుకుని ఓర్లాండో వెళ్ళేవాళ్ళకి ఒక శుభవార్త. అక్కడి పెద్ద విమానాశ్రయంలో విజిటర్ టోల్ పాస్ అని అద్దె కార్ల వాళ్ళ కోసమే ఇస్తారు. దానికి డబ్బు లేదు. వెనక చూసే అద్దానికి తగిలించుకుని, తిరిగి వెళ్ళేటప్పుడు అక్కడి పెట్టెలో వేసేయడమే. టోల్ మాత్రం మీ కార్డులోంచి పోతుంది, రోజు ఫీజు ఉండదు. ఇలాంటిది ప్రతి ఊళ్ళోనూ ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు.

టోల్ లేని దారి

మ్యాప్‌లో 'టోల్ వద్దు' అని ఒక నొక్కు నొక్కితే టోల్ లేని దారి చూపిస్తుంది. డబ్బు మిగులుతుంది కదా అని వెంటనే దానికే పోకండి, సమయం చూడండి. పెన్సిల్వేనియానే తీసుకుంటే, 80వ నంబరు ఇంటర్‌స్టేట్ రాష్ట్రాన్ని అడ్డంగా దాటుతుంది. తూర్పు అంచున డెలావేర్ నది వంతెన దగ్గర తప్ప దాని మీద టోల్ లేదు. మేం తిరుగు ప్రయాణంలో అటు రావాల్సిందని మావాడు ఇప్పటికీ అంటాడు. కుర్రాళ్ళకి సరే. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని ఇంకో గంట కారులో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. తేడా అరగంట లోపైతే టోల్ లేని దారి, అంతకన్నా ఎక్కువైతే టోల్ దారి. ఇది మా ఇంటి లెక్క.

యూరప్ వైపు

అక్కడ దేశం మారితే పద్ధతి మారిపోతుంది, ఒక్కరోజులో రెండు సరిహద్దులు దాటేవాళ్ళకి ఇదే తలనొప్పి. ఇటలీలో చాలా రోడ్ల మీద ఇంకా గేట్లున్నాయి. ఎక్కేటప్పుడు చీటీ తీసుకోవాలి, దిగేటప్పుడు ఆ చీటీ పెట్టి కట్టాలి. చీటీ పారేసుకుంటే ఆ రోడ్డు మీద అన్నిటికన్నా దూరపు చోటునుంచి వచ్చినట్టు లెక్క వేస్తారు. కాబట్టి దాన్ని రైలు టికెట్టులా దాచుకోవాలి. పసుపు రంగు బోర్డున్న లైను ట్యాగ్ ఉన్నవాళ్ళది, అందులోకి వెళ్ళొద్దు. నీలం లైను కార్డులకి. చెయ్యి, నాణేల బొమ్మ ఉన్న తెల్ల లైను నగదుకి. పొరపాటున తప్పు లైన్లోకి వెళ్ళినా, కార్డు పనిచేయకపోయినా, వెనక్కి మాత్రం రివర్స్ చేయొద్దు. సహాయం బటన్ నొక్కితే ఒక చీటీ వస్తుంది. 15 రోజుల్లోపు కట్టుకోవచ్చు. గేట్లున్న ఈ పద్ధతికి మన కార్డు చాలు, సంస్థ పాస్ దండగ.

ఫ్రాన్స్‌లోనూ ఎక్కువగా గేట్లే. కానీ పారిస్ నుంచి నార్మండీ వైపు వెళ్ళే ఏ13 రోడ్డు మీద 2024లో గేట్లు తీసేశారు. దాటాక 72 గంటల్లోపు ఆన్‌లైన్‌లో కట్టాలి. ఇంగ్లండ్‌లో లండన్‌కి తూర్పున థేమ్స్ నది దాటే డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్‌కి మర్నాడు అర్ధరాత్రి దాకా గడువు. అక్కడ రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అసలు రుసుమే లేదు. ఐర్లండ్‌లో డబ్లిన్ చుట్టూ తిరిగే ఎం50కి మర్నాడు రాత్రి 8 గంటల్లోపు కట్టాలి. మూడు దేశాలు, మూడు గడువులు. సాయంత్రం హోటల్‌కి చేరగానే కట్టేసే అలవాటు పెట్టుకుంటే ఏ గడువూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

స్విట్జర్లాండ్‌ది వేరే దారి. గేట్లూ కెమెరా బిల్లులూ లేకుండా ఏడాదికి 40 ఫ్రాంకుల స్టిక్కర్ ఒక్కటే. ఒక్కరోజు తిరిగినా అంతే. 2023 నుంచి ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతోంది. ఆ దేశంలోనే కారు తీసుకుంటే స్టిక్కర్ ఉంటుంది. జర్మనీలోనో ఇటలీలోనో తీసుకుని అటు వెళ్తే ఉందో లేదో అద్దం మీద చూసుకోవాలి. జర్మనీలో మామూలు కార్లకి హైవే టోల్ లేదు. పోర్చుగల్ దక్షిణాన అల్గార్వ్ రోడ్డు పర్యాటకుల్ని బాగా విసిగించేది. 2025 జనవరి 1 నుంచి అక్కడ టోల్ ఎత్తేశారు.

దుబాయి

మా జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఊరూరా ఉన్నారు. మా తమ్ముడు కూడా అక్కడ డ్రైవర్‌గా పనిచేశాడు. "అక్కా, దుబాయిలో ఎంచుకోవడానికి ఏమీ లేదు" అంటాడు. నిజమే. 2007లో మొదలైన సాలిక్ ట్యాగ్ అద్దె కారుకి ముందే అంటించి ఉంటుంది. 2025 జనవరి 31 నుంచి రద్దీ వేళల్లో గేటుకి 6 దిర్హములు, మిగతా వేళల్లో 4, రాత్రి ఒంటిగంట నుంచి 6 దాకా ఉచితం. చేయగలిగింది ఒక్కటే, ఎన్ని గేట్లు దాటారో రోజూ రాసుకోవడం. చివర్లో వచ్చే లెక్కతో అది సరిపోవాలి. ఒక్కో గేటుకి సంస్థ తన వంతుగా ఎంత కలుపుతుందో ముందే అడగాలి.

కార్డు సంగతి

ఇది చాలామంది వదిలేసే విషయం. మన బ్యాంకు కార్డు మీద విదేశీ లావాదేవీ జరిగితే బ్యాంకు మార్కప్, అంటే తన వంతు అదనపు రుసుము, వేస్తుంది, దాని మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. ఆ మార్కప్ చాలా కార్డులకి 3.5 శాతం దాకా ఉంటుంది. ఇంటికొచ్చాక భయంతో కార్డులో ఇంటర్నేషనల్ వాడకం ఆపేస్తారు కొందరు. మేమూ ఆపేద్దామనుకున్నాం. అలా ఆపితే ఆలస్యంగా వచ్చే టోల్ బిల్లు కట్టబడదు, అది పెరిగి పిల్లల ఇంటికి నోటీసుగా వెళ్ళొచ్చు. కనీసం రెండు నెలలు తెరిచి ఉంచి, లిమిట్ మాత్రం తగ్గించి పెట్టండి.

తిరిగొచ్చాక 'మీ టోల్ బాకీ ఉంది, ఈ లింకు నొక్కి కట్టండి' అని ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లని మాత్రం నమ్మొద్దు. ఇలాంటి మోసాల గురించి అమెరికా ఎఫ్‌బీఐ 2024 ఏప్రిల్‌లోనే హెచ్చరించింది. టోల్ తర్వాతెప్పుడో వస్తుందని మనకి తెలుసు కాబట్టే ఆ మెసేజ్ నిజమనిపిస్తుంది. అనుమానం వస్తే ఆ లింకు ముట్టుకోకుండా, అద్దె కాగితం మీదున్న నంబరుకే ఫోన్ చేయించండి.

ఈ వేసవికి మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి నయాగరా. న్యూయార్క్ హైవే మీద కూడా 2020 నవంబరు నుంచి గేట్లు లేవు. నా పద్దుల పుస్తకంలో మందుల జాబితా కింద 'ఈజీ-పాస్ డబ్బా, చేతిసంచిలో' అని రాసి పెట్టాను. కౌంటర్ దగ్గర కాగితం ఈసారి నేను చదువుతాను, సంతకం ఆ తర్వాతే అని మా ఆయనకి ఇప్పుడే చెప్పేశాను.